గుర్రపుడెక్క నల్లి

గుర్రపుడెక్క నల్లి అనేది గుర్రపుడెక్క అనే నీటి కలుపు మొక్క ఆకులలో సన్నని సొరంగాలు తొలిచి, అక్కడి కణజాలాన్ని తిని జీవించే అతి చిన్న నల్లి. దీని శాస్త్రీయ నామం ఆర్థోగాలమ్నా టెరిబ్రాంటిస్. సాలీళ్ళు, తేళ్ళు చేరిన అరాక్నిడా తరగతిలోనే ఇది కూడా చేరుతుంది. దీని స్వస్థలం దక్షిణ అమెరికా. చెరువులను కప్పివేస్తున్న గుర్రపుడెక్కను అదుపు చేసే ఉద్దేశంతో దీనిని 1982లో భారతదేశానికి తెప్పించి, పరీక్షల అనంతరం 1986లో బెంగళూరులో విడుదల చేశారు. హైదరాబాదులో జూబ్లీహిల్స్ పక్కనే ఉన్న దుర్గం చెరువుతో సహా అనేక చెరువులు ఈ కలుపు వలన దెబ్బతిన్నాయి. ఈ నల్లి ఆకును స్పష్టంగా బలహీనపరుస్తుంది. అయితే మొక్కను ఒంటరిగా చంపలేదు. మురుగునీరు చేరే చెరువులలో ఈ పరిమితి మరింత స్పష్టంగా కనబడుతుంది.

పేరు

తెలుగులో నల్లి అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మంచాలలో, పరుపులలో దాగి రక్తం పీల్చే కీటకాన్ని నల్లి అంటారు. దానికి ఆరు కాళ్ళు ఉంటాయి. వ్యవసాయంలో నల్లి అంటే మొక్కల నుండి రసం పీల్చే, కంటికి సరిగా ఆనని మరొక జీవి. ఎర్రనల్లి, మిరపలో తెల్లనల్లి, వరిలో కంకినల్లి, కొబ్బరిలో ఇరియోఫిడ్ నల్లి ఈ రెండవ రకానికి చెందినవి. వీటికి సాధారణంగా ఎనిమిది కాళ్ళు ఉంటాయి కనుక ఇవి కీటకాలు కావు. ఈ వ్యాసంలో నల్లి అన్న మాట ఈ రెండవ అర్థంలోనే వాడబడినది.

టెరిబ్రాంటిస్ అనే పేరు తొలుచుట అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండి వచ్చింది. 1965లో వాల్‌వర్క్ అనే శాస్త్రవేత్త ఉరుగ్వే దేశంలో లభించిన నమూనాల ఆధారంగా ఈ జాతిని వర్ణించి దీనికి ఈ పేరు పెట్టాడు.

గుర్రపుడెక్క మొక్క

నల్లి చేసే నష్టాన్ని అర్థం చేసుకోవడానికి ముందు అది తినే మొక్కను గురించి కొంత తెలుసుకోవాలి. గుర్రపుడెక్క పొంటెడీరియేసి కుటుంబానికి చెందిన నీటిపై తేలే మొక్క. దీని స్వస్థలం అమెజాన్ నది పరీవాహక ప్రాంతం. చాలాకాలం దీనిని ఐకోర్నియా క్రాసిపెస్ అని పిలిచేవారు. 2018లో దీనిని పొంటెడీరియా ప్రజాతిలో చేర్చడం వలన ఇప్పుడు పొంటెడీరియా క్రాసిపెస్ అని వ్యవహరిస్తున్నారు. అందమైన ఊదారంగు పూల కోసం దీనిని ప్రపంచమంతటా తోటలలోకి, కొలనులలోకి తీసుకువెళ్ళారు. భారతదేశంలో ఇది 1896 ప్రాంతంలో బెంగాల్‌లో అలంకార మొక్కగా ప్రవేశించింది. అక్కడి నుండి నదులు, కాలువలు, చెరువుల ద్వారా దేశమంతటా వ్యాపించింది.

మొక్కకు ఉబ్బిన, స్పాంజి వంటి ఆకుకాడలు ఉంటాయి. వాటిలోని గాలి గదుల వలన మొక్క తేలుతుంది. ఆకు మందంగా, నున్నగా, మైనపు పూతతో ఉంటుంది కనుక నీటి చుక్కలు దానిపై నిలువక జారిపోతాయి. ఆకులోని ఈనెలు దాదాపు సమాంతరంగా, మొదలు నుండి కొన వైపు వంపు తిరిగి సాగుతాయి. ఈ సమాంతర ఈనెల అమరిక నల్లి సొరంగాల ఆకారాన్ని నిర్ణయిస్తుంది.

తల్లి మొక్క మొదలు నుండి బయలుదేరే పక్క కాండాల చివర పిల్ల మొక్కలు పుడతాయి. అనుకూల పరిస్థితులలో మొక్కల సంఖ్య రెండు వారాల లోపే రెట్టింపు కాగలదు. పూలు విత్తనాలను కూడా ఇస్తాయి. ఆ విత్తనాలు చెరువు అడుగున బురదలో 15 నుండి 20 సంవత్సరాల వరకు మొలకెత్తే శక్తిని నిలుపుకోగలవు. అందువలన ఒకసారి పూర్తిగా తొలగించిన చెరువులో కూడా గుర్రపుడెక్క మళ్ళీ కనబడుతుంది.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ పరిసరాలు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ హైదరాబాదు పశ్చిమ భాగంలో గ్రానైటు గుట్టల మీద వెలసిన ప్రాంతాలు. తెలుగు సినిమా పరిశ్రమకు చెందిన స్టూడియోలు, కార్యాలయాలు, సినిమా ప్రముఖుల నివాసాలు అనేకం ఇక్కడ ఉన్నాయి. ఫిల్మ్‌నగర్‌లోని రామానాయుడు స్టూడియో, తెలుగు ఫిలిం ఛాంబర్ ఇందుకు ఉదాహరణలు. ఇళ్ళు, రోడ్లు రాకముందు ఈ గుట్టల మీద పడిన వాన నీరు బండల మధ్య నుండి జారి పల్లపు చెరువులకు చేరేది.

అటువంటి చెరువులలో ఒకటైన దుర్గం చెరువు జూబ్లీహిల్స్, మాదాపూర్ ప్రాంతాల మధ్య ఉంది. చుట్టూ రాతి గుట్టలు ఉండి బయటికి కనబడనందున దీనిని రహస్య చెరువు అని కూడా పిలిచారు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఈ చెరువు నుండి అందేది. 2020 సెప్టెంబరు 25న జూబ్లీహిల్స్ రోడ్డు నంబరు 45 వైపు నుండి మాదాపూర్ వైపుకు చెరువు మీదుగా తీగల వంతెన ప్రారంభమైంది.

1990ల నుండి పరిసరాలలో నివాసాలు, కార్యాలయాలు వేగంగా పెరిగాయి. వాన నీటితో పాటు మురుగునీరు కూడా చెరువులోకి చేరసాగింది. మురుగులో ఉండే నత్రజని, భాస్వరం మొక్కకు ఎరువుల వలె పనిచేస్తాయి. తాగునీటి చెరువు గుర్రపుడెక్క పొలంగా మారడానికి ఇదే మూలం. హుస్సేన్ సాగర్, మూసీ నది, నగరంలోని ఇతర చెరువులలోనూ ఇదే వరుస కనబడుతుంది. నీటి మీద పరచుకున్న గుర్రపుడెక్క సూర్యకాంతిని అడ్డగిస్తుంది. నీటిలో కరిగిన ప్రాణవాయువు తగ్గి చేపలు చనిపోతాయి. మాన్సోనియా రకం దోమల పిల్లలు నీటిలోని వేళ్ళకు అంటుకుని, వేరులోని గాలిని పీల్చి బ్రతుకుతాయి కనుక దోమల బెడద కూడా పెరుగుతుంది.

హైదరాబాదు చెరువులలో ఈ కలుపును ప్రధానంగా మనుషుల చేత, తేలియాడే యంత్రాల చేత తీయిస్తున్నారు. తీసిన మొక్కలలో అధిక భాగం నీరే కావడం వలన వాటిని ఒడ్డుకు చేర్చడం, తరలించడం ఖర్చుతో కూడిన పని. తీసిన కొద్ది నెలలలోనే మిగిలిన మొక్కల నుండి, విత్తనాల నుండి కలుపు తిరిగి వస్తుంది. ఖర్చు లేకుండా, తనంత తానే పనిచేసే సహజ శత్రువు కోసం అన్వేషణ ఈ అనుభవం నుండే మొదలైంది.

వర్గీకరణ, శరీర నిర్మాణం

మొక్కలను తినే నల్లులు పలు కుటుంబాలకు చెందినవి. ఆకును అవి పాడుచేసే తీరును బట్టి స్థూలంగా మూడు రకాలుగా చెప్పవచ్చు.

మొదటిది సాలె నల్లులు. బెండ, వంగ వంటి పంటలపై వచ్చే ఎర్రనల్లి ఈ రకమే. వీటి నోటిలో సూదుల వంటి భాగాలు ఉంటాయి. వాటితో ఆకు అడుగు వైపు కణాలను ఒక్కొక్కటిగా గుచ్చి లోపలి పదార్థాన్ని పీల్చివేస్తాయి. పత్రహరితం పోయిన చోట తెల్లటి చుక్కలు ఏర్పడి, అవి కలిసి ఆకు పాలిపోతుంది. ఆకు కింద సన్నని సాలెగూడు అల్లుకుని ఉంటుంది.

రెండవది ఇరియోఫిడ్ నల్లులు. ఇవి మిల్లీమీటరులో మూడవ వంతు కూడా ఉండవు. పురుగు వంటి పొడవైన శరీరం, కేవలం నాలుగు కాళ్ళు ఉంటాయి. ఇవి లేత కణాలను గుచ్చినప్పుడు మొక్క పెరుగుదల దారి తప్పి బొడిపెలు, మెలికలు, నూగు వంటి పొరలు ఏర్పడతాయి. ఆ బొడిపెలలోనే నల్లులు నివసిస్తాయి.

మూడవది తొలిచే నల్లులు. గుర్రపుడెక్క నల్లి ఈ కోవకు చెందినది. ఇది ఒరిబాటిడా అనే విభాగంలో గాలమ్నిడే కుటుంబానికి చెందినది. ఒరిబాటిడాలో చాలా జాతులు నేలలో ఉంటూ, కుళ్ళిన ఆకులను, బూజులను తిని మట్టిని సారవంతం చేస్తాయి. సజీవమైన ఆకును తిని దానిలోనే పెరిగేవి ఈ విభాగంలో చాలా అరుదు. ఆ కారణంగా గుర్రపుడెక్క నల్లి శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించింది.

పెరిగిన నల్లి పొడవు సుమారు అర మిల్లీమీటరు. నల్లగా మెరుస్తూ, ఒక చివర సన్నగా నీటి బొట్టు ఆకారంలో ఉంటుంది. పెంకు పురుగుకు ఉన్నట్లు గట్టి కవచం ఉంటుంది. దీని నోటి భాగాలు సూదుల వలె కాక చిన్న పటకార్ల వలె ఉండి, కణజాలాన్ని కొరికి నమలడానికి ఉపయోగపడతాయి. ఆకు మీద మిరియపు పొడి రేణువులు చల్లినట్లుగా కనబడే నల్లని చుక్కలు కదులుతుంటే అవి పెరిగిన నల్లులని గుర్తించవచ్చు. ఇందుకు చిన్న భూతద్దం చాలు.

జీవిత చక్రం

ఆడ నల్లి ఆకు పొరలో చిన్న రంధ్రం చేసి గుడ్డు పెడుతుంది. ముక్కు పురుగులు కొరికిన గాట్లు ముందే ఉంటే వాటిలో గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు వారం రోజులలో గుడ్డు పొదుగుతుంది. గుడ్డు నుండి వచ్చిన పిల్లకు ఆరు కాళ్ళే ఉంటాయి. తరువాత అది మూడు దశలలో కుబుసం విడుస్తూ ఎనిమిది కాళ్ళ పిల్లగా ఎదుగుతుంది. ఈ దశలన్నీ ఆకు లోపలే గడుస్తాయి. గుడ్డు పొదిగిన తరువాత పెరిగిన నల్లిగా మారడానికి అదే ఉష్ణోగ్రత వద్ద సుమారు 15 రోజులు పడుతుంది. అంటే ఒక తరానికి మూడు వారాలకు పైగా కాలం కావాలి.

పిల్ల తన చుట్టూ ఉన్న మెత్తని ఆకుపచ్చ కణజాలాన్ని తింటూ ముందుకు సాగుతుంది. గట్టిగా ఉన్న ఈనెలను దాటక, రెండు ఈనెల మధ్య నుండే సాగుతుంది. అందువలన సొరంగం ఈనెకు సమాంతరంగా తిన్నగా ఉంటుంది. దాని పొడవు సుమారు 6 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఎదుగుదల పూర్తయిన తరువాత నల్లి సొరంగం చివర ఆకు పొరకు గుండ్రని రంధ్రం చేసి బయటికి వస్తుంది.

ఆకుకు జరిగే నష్టం

పెరిగిన నల్లి ఆకు మీద తిన్నప్పటికీ, ఎక్కువ నష్టం ఆకు లోపల ఉన్న పిల్లల వలననే జరుగుతుంది. ఆ నష్టాన్ని ఈ క్రింది విధంగా వివరించవచ్చు.

ఆహార కర్మాగారం తగ్గిపోవుట: ఆకులో సూర్యకాంతిని గ్రహించే పత్రహరితం ఈనెల మధ్య ఉన్న మెత్తని కణాలలో ఉంటుంది. నల్లి పిల్ల తినేది సరిగ్గా ఆ కణాలనే. తిన్న చోట కణాలు పోవడంతో పాటు సొరంగం గోడలలోని కణాలు కూడా చనిపోయి గోధుమ రంగుకు మారతాయి. దక్షిణాఫ్రికా పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, నల్లి తిన్న మొక్కలలో కిరణజన్య సంయోగక్రియ రేటు తగ్గినట్లు తేలింది. అయితే మొక్క మొత్తం పెరుగుదల ఆ మేరకు తగ్గలేదు. ఆకు నష్టపోవడం, మొక్క ఓడిపోవడం ఒకటి కాదని ఈ ఫలితం తెలుపుతుంది.

నీటి నష్టం: గుర్రపుడెక్క ఆకుపై ఉన్న మైనపు పొర నీరు వృథాగా ఆవిరి కాకుండా కాపాడుతుంది. నల్లి బయటికి వచ్చిన ప్రతి రంధ్రం ఈ పొరలో ఒక చిల్లు. పత్రరంధ్రాలను మొక్క అవసరాన్ని బట్టి మూసుకోగలదు కాని ఈ చిల్లులను మూసుకోలేదు. వేళ్ళు నీటిలోనే ఉన్నప్పటికీ, వేలకొద్దీ చిల్లులు పడిన ఆకు మండుటెండలో ఎండుతుంది.

వ్యాధులకు ద్వారం తెరచుట: దెబ్బతిన్న కణజాలంలోకి శిలీంధ్రాలు సులభంగా ప్రవేశిస్తాయి. గుర్రపుడెక్క ఆకులపై వలయాల మచ్చలు కలిగించే అక్రిమోనియం జోనేటం అనే శిలీంధ్రం నల్లి సోకిన ఆకులలో కనబడుతుంది. నల్లి ఆరంభించిన పనిని శిలీంధ్రం ముందుకు తీసుకుపోతుంది.

ఆకు ఎండిపోవుట: సొరంగాలు కొద్దిగా ఉన్నంతవరకు ఆకు పని చేస్తూనే ఉంటుంది. వాటి సంఖ్య పెరిగి ఒకదానితో ఒకటి కలిసినప్పుడు ఆకు గోధుమ రంగుకు తిరిగి ఎండిపోతుంది. అటువంటి ఆకులు ఎక్కువైన మొక్కకు పిల్ల మొక్కలను పుట్టించడానికి కావలసిన ఆహారం తగ్గుతుంది.

గుర్తించు లక్షణాలు

చెరువు గట్టున ఉన్న విద్యార్థి సైతం ఈ నల్లి చేసిన నష్టాన్ని ఇతర కారణాల నుండి వేరుగా గుర్తించగలడు. ఆకును కాంతికి ఎదురుగా పట్టి చూస్తే నల్లి సొరంగాలు ఈనెల వెంట వరుసగా ఉన్న చిన్న గీతల వలె కనబడతాయి. పాత గీత చివర సూది మొనతో పొడిచినట్లు రంధ్రం ఉంటుంది.

ముక్కు పురుగు కొరికిన గాట్లు ఇంతకంటె పెద్దవి. అవి ఆకు పైపొరను గీకివేసినట్లు కనబడతాయి. ఎర్రనల్లి సోకిన ఆకుపై గీతలు కాక చుక్కలు, అడుగున సాలెగూడు ఉంటాయి. శిలీంధ్రపు మచ్చలు ఈనెల అమరికను పాటించక గుండ్రంగా లేదా క్రమరహితంగా వ్యాపిస్తాయి. ముసలి ఆకు సహజంగా పండినప్పుడు సొరంగాలు లేకుండానే ఆకు మొత్తం పసుపు రంగుకు మారుతుంది.

భారతదేశంలో ప్రవేశం

విదేశీ కలుపును అదుపు చేయడానికి దాని స్వదేశంలోని సహజ శత్రువును తెచ్చి వదలడాన్ని జీవనియంత్రణ అంటారు. స్వదేశంలో అనేక పురుగులు, నల్లులు, తెగుళ్ళు ఒక మొక్కను నిరంతరం తింటుంటాయి. మొక్కను కొత్త దేశానికి తెచ్చిన మనిషి దాని శత్రువులను తీసుకురాలేదు. అందువలననే అది ఇక్కడ అదుపు లేకుండా పెరుగుతుంది.

ఈ ఆలోచనతో 1982లో గుర్రపుడెక్క సహజ శత్రువులను అమెరికా సంయుక్త రాష్ట్రాల నుండి బెంగళూరుకు తెప్పించారు. వాటిలో నియోకెటినా ఐకోర్నియే, నియోకెటినా బ్రూకి అనే రెండు ముక్కు పురుగులు, గుర్రపుడెక్క నల్లి ఉన్నాయి. ముక్కు పురుగులను 1983, 1984 సంవత్సరాలలోను, నల్లిని 1986లోను విడుదల చేశారు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ ఈ కృషిలో ముఖ్య పాత్ర వహించింది. జీవనియంత్రణ పరిశోధన కోసం 1993లో అదే నగరంలో ప్రత్యేక డైరెక్టరేట్ ఏర్పడింది. 2014 నుండి అది జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థగా వ్యవహరింపబడుతున్నది. విడుదల చేసిన నల్లి కర్ణాటక, కేరళలలో స్థిరపడింది.

ఆతిథేయ పరీక్షలు

విదేశీ జీవిని విడుదల చేసే ముందు అది పంటలను తినదని నిర్ధారించుకోవడం అత్యవసరం. నిర్బంధ ప్రయోగశాలలో వివిధ మొక్కల ఆకులను నల్లికి ఇచ్చి, అది వాటిని తింటున్నదా, వాటిపై గుడ్లు పెడుతున్నదా, ఆ గుడ్ల నుండి తరువాతి తరం ఎదుగుతున్నదా అని పరిశీలిస్తారు. కలుపుకు దగ్గరి బంధువులైన మొక్కలను, ముఖ్యమైన పంటలను ఇందులో చేర్చుతారు.

ఎర్రనల్లి కూడా కొన్ని సందర్భాలలో గుర్రపుడెక్క ఆకులను తింటుంది. అయినప్పటికీ దానిని కలుపు నివారణకు ఉపయోగించరు. అది వందలాది జాతుల మొక్కలను తినగలదు. చెరువులో వదిలిన ఎర్రనల్లి గట్టు దాటి కూరగాయల తోటలో పడుతుంది. గుర్రపుడెక్క నల్లి గుర్రపుడెక్కను, దాని కుటుంబానికి చెందిన కొద్ది మొక్కలను మాత్రమే ఆశ్రయిస్తుంది. ఎంత నష్టం చేయగలదన్న దానికంటె దేనికి నష్టం చేయదన్నదే జీవనియంత్రణలో మొదటి ప్రశ్న.

ముక్కు పురుగులతో పోలిక

నియోకెటినా ముక్కు పురుగులు సుమారు 5 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. పెద్ద పురుగు ఆకు పొరను గీకి తింటుంది. దాని పిల్లలు ఆకుకాడలోకి తొలుచుకుని మొక్క మొదలు వరకు పోతాయి. కొత్త ఆకులు పుట్టేది ఆ మొదలు నుండే కనుక మొక్క కోలుకోవడం కష్టమవుతుంది. కాడలలో నీరు చేరి మొక్క క్రమంగా మునిగిపోతుంది. బెంగళూరు పరిసరాలలోని కొన్ని చెరువులలో ఈ పురుగులు గుర్రపుడెక్కను బాగా అదుపు చేశాయి.

నల్లి మాత్రం ఆకు పలక దగ్గరనే ఆగిపోతుంది. మొక్క మొదలుకు, పక్క కాండాలకు దాని వలన నేరుగా హాని లేదు. అందువలన దానిని ముక్కు పురుగులకు తోడుగా ఉపయోగపడే జీవిగా భావిస్తారు. ముక్కు పురుగు గాట్లు నల్లికి గుడ్లు పెట్టే చోటునిస్తాయి. నల్లి సొరంగాలు శిలీంధ్రాలకు దారినిస్తాయి.

పరిమితులు

నగర చెరువులలో నల్లి పని ఎందుకు చాలదో తెలుసుకోవడానికి రెండు కాలాలను పోల్చి చూడాలి. నల్లి ఒక తరాన్ని పూర్తి చేయడానికి మూడు వారాలకు పైగా పడుతుంది. పోషకాలు సమృద్ధిగా ఉన్న నీటిలో గుర్రపుడెక్క కొద్ది రోజులకొక కొత్త ఆకు వేస్తుంది. రెండు వారాల లోపే మొక్కల సంఖ్య రెట్టింపు కాగలదు. నల్లి ఒక ఆకును ఎండగట్టే సరికి దాని స్థానంలో అనేక కొత్త ఆకులు వచ్చి ఉంటాయి. ఎండిన ఆకు ఎలాగూ ముదిరి రాలిపోవలసిన ఆకే కావడం వలన మొక్కకు కలిగే నష్టం స్వల్పం.

పోషకాలు తక్కువగా ఉన్న నీటిలో పరిస్థితి వేరు. అక్కడ కొత్త ఆకులు నెమ్మదిగా వస్తాయి. ప్రతి ఆకు ఎక్కువ కాలం మొక్కకు ఆహారం అందించాలి. అటువంటి ఆకును పోగొట్టుకున్న మొక్క త్వరగా కోలుకోలేదు. అదే నల్లి, అంతే సంఖ్యలో ఉన్నా, పరిశుభ్రమైన నీటిలో ఎక్కువ ఫలితం ఇస్తుంది. మురుగునీటి పోషకాలు జీవనియంత్రణను బలహీనపరుస్తాయని దక్షిణాఫ్రికాలో ముక్కు పురుగుల విషయంలోనూ గమనించారు.

యాంత్రిక తొలగింపు మరొక చిక్కును కలిగిస్తుంది. నల్లి గుడ్లు, పిల్లలు ఆకుల లోపలే ఉంటాయి కనుక మొక్కలను మొత్తం తీసివేస్తే నల్లులు కూడా వాటితో పోతాయి. బురదలోని విత్తనాల నుండి లేచే కొత్త మొక్కలకు శత్రువు ఉండదు. సహజ శత్రువులను వదిలిన చెరువులో ఒక మూల కొన్ని మొక్కలను వాటికి ఆశ్రయంగా ఉంచాలని జీవనియంత్రణ నిపుణులు సూచించడానికి కారణం ఇదే. రసాయనాలను ఒకేసారి చెరువు అంతటా చల్లినా ఇదే ఫలితం కలుగుతుంది. పైగా చనిపోయిన మొక్కలు నీటిలోనే కుళ్ళి ప్రాణవాయువును హరిస్తాయి.

ఇతర దేశాలలో

ఆఫ్రికాలో ఈ నల్లిని 1971లో జాంబియాలోను, 1989లో దక్షిణాఫ్రికాలోను విడుదల చేశారు. రెండు చోట్లా అది స్థిరపడింది. కొన్ని జలాశయాలలో ఆకులు గోధుమ రంగుకు తిరిగేంతగా నల్లులు పెరిగినప్పటికీ, గుర్రపుడెక్క అదుపులోకి వచ్చిన చోట్ల ప్రధాన కారణం ముక్కు పురుగులే.

ఇతర కలుపు మొక్కలపై నల్లులు

కలుపు నివారణకు ఇతర నల్లులను కూడా వినియోగించారు. ఆస్ట్రేలియాలో గోధుమ పొలాలకు బెడదగా మారిన స్కెలిటన్ వీడ్ అనే కలుపుపై 1971లో అసీరియా కాండ్రిల్లే అనే ఇరియోఫిడ్ నల్లిని వదిలారు. అది మొగ్గలను ఆకుల గుత్తుల వంటి బొడిపెలుగా మారుస్తుంది. అమెరికాలోని టెక్సాస్‌లో 1989లో పొలాలలో అల్లుకునే ఒక తీగ కలుపుపై అసీరియా మాల్హెర్బే అనే నల్లిని విడుదల చేశారు. దాని వలన ఆకులు ముడుచుకుపోతాయి. ఫ్లోరిడాలో 2008 నుండి ఫ్లోరాకరస్ పెర్రెపే అనే నల్లిని ఒక పాకుడు ఫెర్న్ మొక్కపై వదులుతున్నారు. అది ఆకు అంచులను చుట్టలుగా చుట్టి అందులో నివసిస్తుంది.

న్యూజిలాండ్‌లో 1989లో గోర్స్ అనే ముళ్ళ పొదపై ఒక సాలె నల్లిని వదిలారు. మొదట కొండవాలులన్నీ దాని సాలెగూళ్ళతో తెల్లబడ్డాయి. తరువాత దానిని తినే పెంకు పురుగులు పెరిగి, నల్లుల సంఖ్యను తగ్గించాయి. కలుపుకు శత్రువును తెచ్చినట్లే, ఆ శత్రువుకు కూడా శత్రువులు ఉంటాయన్నది ఈ అనుభవం నుండి తెలిసింది.

తెలుగు ప్రాంతాలలో పొదలుగా అల్లుకుపోయిన లాంటానా లేదా తలంబ్రాల మొక్కకు కూడా ఒక నల్లి శత్రువుగా ఉంది. అసీరియా లాంటానే అనే ఈ నల్లి పూమొగ్గలను ఆకుపచ్చని బొడిపెలుగా మార్చి కాయలు రాకుండా చేస్తుంది. దీనిని 2007లో దక్షిణాఫ్రికాలో విడుదల చేశారు. వయ్యారిభామ కలుపు విషయంలో నల్లి కాక, మెక్సికో నుండి తెచ్చిన జైగోగ్రామా అనే పెంకు పురుగును 1984లో బెంగళూరులో విడుదల చేశారు. ఆ పురుగు వానాకాలంలో ఆకులను పూర్తిగా తినివేస్తుంది.

చెరువుల నిర్వహణలో స్థానం

గుర్రపుడెక్క నల్లి ఒక ఆకుపై చేసే పని చిన్నది, నెమ్మదైనది. దుర్గం చెరువు వంటి నగర చెరువులలో గుర్రపుడెక్కకు ఆహారం గుట్టల మీది నివాసాల నుండి, కార్యాలయాల నుండి వచ్చే మురుగే. మురుగును శుద్ధి చేసి దాని నత్రజని, భాస్వరాలను తగ్గించినప్పుడు మొక్క కొత్త ఆకులు వేసే వేగం తగ్గుతుంది. అప్పుడు నల్లి, ముక్కు పురుగు, శిలీంధ్రం కలిసి చేసే నష్టాన్ని మొక్క పూడ్చుకోలేదు. మురుగు ఆగని చెరువులో ఏ సహజ శత్రువునైనా మొక్క తన పెరుగుదల వేగంతోనే దాటిపోతుంది. అందువలన గుర్రపుడెక్క నివారణలో మురుగు మళ్ళింపు మొదటి పని. యంత్రాలతో, మనుషులతో తొలగింపు రెండవది. ముక్కు పురుగులకు తోడుగా నల్లి స్థానం ఆ రెండింటి తరువాతనే వస్తుంది.